రెండు నీలం క్యాన్లు

ఆ ఉదయం నాకు మొదట తేడా తెలిసింది కళ్ళలో. మిరపకాయలు దంచేచోట నిలబడ్డట్టు రెండు కళ్ళూ ఒక్కసారిగా భగ్గుమన్నాయి. నరసాపురం దగ్గర ఒక రొయ్యల ఫ్యాక్టరీలో రొయ్యల తలలు తీసే సెక్షన్‌లో పనిచేసేదాన్ని. చేతులకు గ్లవుజులు, తలకు టోపీ, కాళ్ళకు గమ్‌బూట్లు, ముందు ప్లాస్టిక్ ఏప్రాన్. ఆ వేషంలో కళ్ళు నలుపుకోవడానికి కూడా వీలుండదు. మోచేత్తో తుడుచుకుంటూ పక్కన పనిచేస్తున్న మంగను అడిగాను.

“ఏంటే, ఇవాళ హైపో ఎక్కువ కలిపారా?”

“ఏమోనక్కా, నాకూ మండిపోతున్నాయి,” అంది.

హైపో అంటే బ్లీచింగ్ మందు. లోపలికి వచ్చేముందు కాళ్ళు ముంచే తొట్టెలోనూ, చేతులు కడిగే నీళ్ళలోనూ, పని అయ్యాక బల్లలు కడగడానికీ అదే కలుపుతారు. ఏళ్ళ తరబడి ఆ వాసనలోనే ఉన్నాం. స్నానం చేసినా మా చేతుల నుంచి పోదు. అందుకే ఎవరం కంగారు పడలేదు. కంగారు పడకపోవడమే అలవాటైపోయింది మాకు.

కాసేపటికి గొంతులో పట్టేసింది. దగ్గు మొదలైంది. నాకొక్కదానికే కాదు, బల్ల పొడుగునా అందరికీ. అప్పుడు చూశాను. చేతులు కడుక్కునే గది వైపు నుంచి పసుపూ ఆకుపచ్చా కలిసిన పొగ లాంటిది వస్తోంది. అది పొగలా పైకి లేవలేదు. పొర్లిన నీళ్ళలా నేలను పట్టుకుని, కాలువ వెంబడి పాక్కుంటూ మా కాళ్ళ దగ్గరికి వచ్చింది.

“కింద కూర్చోండే, మొహానికి గుడ్డ అడ్డం పెట్టుకోండి,” అని ఎవరో అరిచారు. నిప్పంటుకుంటే అలాగే చేయాలని అందరం ఎక్కడో విన్నాం. కూర్చున్నాం. అదే పెద్ద పొరపాటని ఆసుపత్రిలో తెలిసింది. ఆ గ్యాస్ గాలికంటే బరువు. కిందే ఎక్కువ ఉంటుంది. కూర్చోగానే ఒక్క ఊపిరి తీసుకున్నాను, అంతే. మరుగుతున్న నీళ్ళు గొంతులో పోసినట్టు లోపలంతా కాలిపోయింది. రెండో ఊపిరి తీసుకోవాలంటే భయం వేసింది. తీసుకోకుండా ఎంతసేపు ఉంటాం? లేద్దామంటే కాళ్ళు రాలేదు.

“కూర్చోకండక్కా! లేవండి, లేచి బయటికి నడవండి!”

అది ప్రసాదు గొంతు. స్టోర్‌లో హెల్పరుగా కాంట్రాక్టు మీద పనిచేసేవాడు. ముప్పై దాటిన మనిషి, ఒక కూతురు. పెద్దగా మాట్లాడేవాడు కాదు. నా రెక్క పట్టుకుని లేపి, ఐసు తెచ్చే వెనక తలుపులోంచి బయటికి ఈడ్చుకొచ్చాడు. అతని మొహమంతా తడిసిపోయి ఉంది, కళ్ళలోంచి ముక్కులోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. నన్ను గోడకి ఆనించి మళ్ళీ లోపలికి వెళ్ళాడు. మంగను తీసుకొచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు. ఆ తరువాత నేను ప్రసాదుని చూడలేదు.

బయట ఏటి గాలి తగిలితే కొంచెం ప్రాణం లేచొచ్చింది. ఎవరో పైపుతో మా మొహాల మీద నీళ్ళు కొట్టారు. వాంతులు చేసుకున్నాం. ఫ్యాక్టరీ వ్యానులో మమ్మల్ని దగ్గరున్న ఆసుపత్రికి తీసుకెళ్ళారు. సెలైన్‌తో కళ్ళు కడిగారు, ఆక్సిజన్ పెట్టారు, నెబులైజర్ ఇచ్చారు, ఎక్స్‌రే తీశారు. సాయంత్రానికి దగ్గు తగ్గింది. డ్యూటీ డాక్టరమ్మ వచ్చి నా వేలికి క్లిప్పు పెట్టి చూసింది.

“ఎక్స్‌రే క్లియర్‌గానే ఉందమ్మా. ఆక్సిజన్ సాచురేషన్ బాగుంది. ఇంటికి వెళ్ళొచ్చు. ఆయాసం వస్తే మాత్రం వెంటనే రండి.”

నిజంగానే బాగుంది. గొంతు బొంగురుపోవడం తప్ప ఏమీ లేదు. గండం గడిచిందనుకుంటూ ఇంటికి వచ్చాను. మా ఆయన సత్తిబాబు బోటు మీద సముద్రంలో ఉన్నాడు, ఫోను కలవలేదు. ఇంట్లో మా అత్తగారు పోలమ్మ ఒక్కతే ఉంది. ఆవిడ బజారులో చేపలమ్ముతుంది. గంజి కాచి తాగించి పడుకోమంది. పడుకుంటే ఊపిరి బరువుగా ఉంది. గోడకి దిండు పెట్టుకుని కూర్చునే నిద్రపోయాను.

తెల్లారి లేచి వాకిట్లోకి నడవబోతే నాలుగడుగులకే గుమ్మం పట్టుకోవాల్సి వచ్చింది. మైళ్ళు పరిగెత్తినట్టు రొప్పుతున్నాను. దగ్గొచ్చి ఉమ్మితే నురగ పడింది, లేత గులాబి రంగులో. నేను దాన్ని చూస్తూ ఉండిపోయాను. మా అత్తగారు తట్ట సర్దుకుంటున్నది, తలెత్తి నన్ను చూసి చేతిలోది వదిలేసింది.

“నీ పెదాలేంటే, నేరేడుపళ్ళు తిన్నట్టున్నాయి?”

“ఊపిరి ఆడట్లేదత్తా.”

ఆవిడ వీధిలోకి వెళ్ళి ఆటో పిలుచుకొచ్చింది. “నిన్నటి ఆసుపత్రి వద్దు, భీమవరం పోనీ,” అని ఆటో అతనికి చెప్పడం వినబడింది. దారంతా నా వీపు నిమురుతూ, నేను కళ్ళు మూస్తే చాలు చెంప మీద తడుతూనే ఉంది. “నిద్రపోకే. నాతో మాట్లాడు. మాట్లాడలేకపోతే నా చెయ్యి నొక్కు.” దారి పొడుగునా ఆ చెయ్యి నొక్కుతూనే ఉన్నాను.

భీమవరంలో ఎమర్జెన్సీ డాక్టరుగారు క్లిప్పు పెట్టి ఒక్క క్షణం దానికేసి చూసి, వేరే వేలికి మార్చి మళ్ళీ చూశారు. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

“గ్యాస్ పీల్చింది ఎప్పుడమ్మా?”

“నిన్న పొద్దున్నండి,” అంది మా అత్తగారు. “ఎక్స్‌రే బాగుందని పంపేశారండి.”

“నిన్న బాగానే ఉండి ఉంటుంది. ఇలాంటి గ్యాస్‌లు కొందరికి ఆలస్యంగా దెబ్బ తీస్తాయి. లోపల కాలినచోట మెల్లగా నీరు ఊరుతుంది. ఇప్పుడు ఊపిరితిత్తుల్లో నీరు చేరింది.” పక్కనున్న నర్సుతో “పల్మనరీ ఎడిమా, ఏబీజీకి రక్తం తీయండి, ఐసీయూకి షిఫ్ట్ చేయండి,” అన్నారు.

గోదావరి పక్కన పుట్టి పెరిగినదాన్ని. ఏట్లో మునిగినవాళ్ళను బయటికి తీయడం చిన్నప్పటి నుంచి చూశాను. ఒడ్డున, మంచం మీద, ఒంటి మీద చుక్క నీరు లేకుండా ఒక మనిషి మునిగిపోవచ్చని నాకు తెలియదు. నేను అలాగే మునుగుతున్నాను.

బైపాప్ అని ఒక మాస్కు పెట్టారు. మొహానికి బెల్టులతో బిగించి, మిషను గాలిని బలంగా లోపలికి తోస్తుంది. మన ఊపిరికీ దాని ఊపిరికీ పొత్తు కుదరదు. మనం వదలబోతే అది తోస్తుంది. పీకేయాలనిపించింది, చెయ్యెత్తాను కూడా. డాక్టరుగారు నా చెయ్యి పట్టుకున్నారు.

“ఇది ఓర్చుకుంటే ట్యూబ్ వేసి వెంటిలేటర్ పెట్టే అవసరం తప్పుతుందమ్మా. దాంతో పోట్లాడకండి. అది తోసినప్పుడు తీసుకోండి.”

అది తోసినప్పుడు తీసుకోవడం నేర్చుకున్నాను. స్టెరాయిడ్లు, యాంటీబయోటిక్స్, పొట్ట మీద ఇంజెక్షన్లు. స్టెరాయిడ్లకు షుగరు పెరిగిందని ఇన్సులిన్. నాకు ఎప్పుడూ షుగరు లేదు. ఎన్ని రోజులు అలా గడిచాయో నాకు లెక్క తెలియదు. ఐసీయూలో పగలూ రాత్రీ ఒకే లైటు.

మా ఆయన వచ్చాడు. బోటు దిగి సరాసరి వచ్చినట్టున్నాడు, ఒళ్ళంతా ఉప్పు వాసన. నా పాదం పట్టుకుని కూర్చున్నాడు. మాస్కు తీసి కాసేపు మామూలు ఆక్సిజన్ పెట్టినప్పుడు నేను అడిగిన మొదటి మాట ఇది.

“ప్రసాదు ఎలా ఉన్నాడు?”

“బాగానే ఉన్నాడంట.”

ఆ మాట నా మొహం చూసి అనలేదు. మానిటర్ చూస్తూ అన్నాడు. బాగుంటే చాలనుకున్నాను.

వార్డుకి మార్చాక మంగ చూడ్డానికి వచ్చింది. తనకు దగ్గు, గొంతు నొప్పితో పోయింది. గ్యాస్ అందరినీ ఒకేలా దెబ్బ తీయదని చెప్పారట. బత్తాయి ఒలిచి పెడుతూ, మామూలుగా మాట్లాడుతూనే అంది.

“పాపం ప్రసాదు పెళ్ళాం మాత్రం అన్నం ముట్టట్లేదంటక్కా. పెద్దకర్మ కూడా అయిపోయింది.”

నాకు మొదట అర్థం కాలేదు. ఎవరి పెద్దకర్మ అని అడిగాను. మంగ చేతిలో బత్తాయి తొన అలాగే ఉండిపోయింది. “నీకు చెప్పలేదా?” అంది.

నేను ఐసీయూలోకి వెళ్ళిన పొద్దున్నే ప్రసాదు వేరే ఆసుపత్రిలో పోయాడు. అతనికి వెంటిలేటర్ పెట్టారట, నిలబడలేదట. నేను బైపాప్ మాస్కు కింద ఊపిరి నేర్చుకుంటూ, బయటికి వెళ్ళగానే అతనికి దణ్ణం పెట్టుకోవాలని అనుకున్నదంతా లేని మనిషి గురించి. మానిటర్ మోగింది. నర్సు పరిగెత్తుకొచ్చి మంగను బయటికి పంపింది. మా ఆయన లోపలికి వచ్చి తల దించుకుని నిలబడ్డాడు.

“డాక్టరుగారు చెప్పొద్దన్నారు, మణీ.”

నేను ఏడవలేదు. ఏడిస్తే ఊపిరి చాలదు. గోడకేసి తిరిగి పడుకున్నాను.

ఇంటికి వచ్చాక రెండో దెబ్బ తగిలింది. ప్రసాదే అది చేశాడని అందరూ అంటున్నారు. యాసిడ్ తీసుకెళ్ళి హైపో ట్యాంకులో పోశాడని, చదువుకున్నవాడై ఉండి చూసుకోలేదని, తన ప్రాణం మీదకి తెచ్చుకుని ఇంతమందిని ఆసుపత్రి పాలు చేశాడని. టీ కొట్ల దగ్గర, బజారులో అదే మాట. మా అత్తగారే విని వచ్చి చెప్పింది. నన్ను చంపబోయినవాడూ నన్ను బతికించినవాడూ ఒక్కడేనా?

ఒకరోజు సాయంత్రం ప్రసాదు భార్య దుర్గ మా ఇంటికి వచ్చింది. నేను ఆమెను అంతకుముందు చూడలేదు. సన్నగా ఉంది, కూతుర్ని చంకనేసుకుని వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు, గుమ్మం దగ్గరే నిలబడింది.

“అక్కా, ఆయన ఆఖరున ఎవరెవర్ని తీసుకొచ్చాడో మిమ్మల్ని అడగమన్నారు. మీరు చూశారంట కదా. ఆయన పారిపోయాడా? కొందరు అట్టా కూడా అంటున్నారు. పోసేసి పారిపోతా పడిపోయాడంటున్నారు.”

మా అత్తగారు లేచి వెళ్ళి ఆ పిల్లను ఎత్తుకుంది. అప్పటికి నా గొంతు గుసగుసే.

“పారిపోలేదమ్మా. నన్ను రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చింది మీ ఆయనే. మంగని తెచ్చాడు. మళ్ళీ లోపలికి వెళ్ళడం నా కళ్ళారా చూశాను. తలుపు దగ్గరే ఉన్నాడు, పారిపోవాలంటే ఒక్క అడుగు చాలు. బయటికి వెయ్యలేదు, లోపలికేశాడు.”

దుర్గ గుమ్మం మీద కూలబడిపోయింది. వెళ్ళేముందు, “ఈ మాట ఎవరైనా అడిగితే చెప్తారా అక్కా?” అంది. చెప్తానన్నాను.

అడగడానికి ఫ్యాక్టరీలను తనిఖీ చేసే ప్రభుత్వ ఆఫీసరుగారు వచ్చారు. పెద్దాయన, నెమ్మదిగా మాట్లాడేవారు. మా పంచలో కూర్చుని మంచినీళ్ళు తాగి, జరిగింది మొత్తం చెప్పించుకున్నారు. ప్రసాదు మమ్మల్ని బయటికి లాగిన సంగతి చెప్పాను. రెండుసార్లు చెప్పించుకుని రాసుకున్నారు. ఆ తరువాత నేనే అడిగాను.

“అసలు అంత విషం ఎక్కడి నుంచి వచ్చిందండి? రెండూ మేం రోజూ వాడేవే కదండి.”

“విడివిడిగా వాడతారమ్మా. హైపోతో బల్లలు కడుగుతారు, యాసిడ్‌తో పైపుల్లో పట్టిన సున్నం పొర వదిలిస్తారు. రెండూ ఒకచోట కలిస్తే అందులోంచి క్లోరిన్ గ్యాస్ బయటికొస్తుంది. దానికి నిప్పు అక్కర్లేదు, వేడి అక్కర్లేదు. కలిస్తే చాలు.”

“మరి ప్రసాదుకి తెలీదాండి?”

“ఆ పని రోజూ చేసే మనిషి ఆ రోజు సెలవు. హైపో అయిపోయిందని ఇతన్ని పంపారు. ఇదివరకు యాసిడ్ తెల్ల క్యాన్లలో వచ్చేది. సప్లయరు మారాక రెండూ ఒకే నీలం క్యాన్లలో వస్తున్నాయి. రెండూ పక్కపక్కనే పెట్టారు. తడిసి లేబుళ్ళు ఊడిపోయాయి. ట్యాంకుల మీద పెయింటుతో రాసిన అక్షరాలు రోజూ కడిగి కడిగి పోయాయి. ట్యాంకు మూతలకు తాళాల్లేవు. ఏ క్యాను ఏ ట్యాంకులోనైనా పోయొచ్చు. ఇతను కాకపోతే ఇంకొకరు పోసేవారమ్మా, ఇవాళ కాకపోతే రేపు.”

ఆ ట్యాంకుల ముందు నుంచి రోజూ నడిచేదాన్ని. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆ గోడకే ఆనుకుని కబుర్లు చెప్పుకునేవాళ్ళం. ఆ నీలం క్యాన్లు ఖాళీ అయితే కడుక్కుని నీళ్ళు పట్టుకోవచ్చని ఇంటికి తీసుకెళ్ళినవాళ్ళు కూడా ఉన్నారు.

తరువాత రిపోర్టులో ఏం రాశారో నేను చూడలేదు. కానీ ఒక్క మనిషి పొరపాటని తేల్చలేదని, ఏర్పాటులోనే లోపమని రాశారని దుర్గ వచ్చి చెప్పింది. ఆ రోజు కూర్చుంది. టీ తాగింది.

నా ఒళ్ళు మాత్రం తొందరగా దారికి రాలేదు. ఇంట్లో తాలింపు వేస్తే చాలు, పిల్లికూతలు మొదలై ఛాతీ బిగిసిపోయేది. అగరొత్తి వెలిగిస్తే అదే, పక్కింట్లో పెయింటు వేస్తే అదే. తగ్గిపోయిందనుకుని ఒకసారి ఫ్యాక్టరీకి వెళ్ళాను, మళ్ళీ పనిలో చేరదామని. గేటు దాటి కాళ్ళు ముంచే తొట్టె దగ్గరికి వచ్చేసరికి ఆ పాత వాసనకే ఊపిరి ఆగిపోయింది. వాచ్‌మన్ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మా ఆయనకు ఫోను చేశాడు. అక్కడి నుంచి మళ్ళీ ఆసుపత్రికి.

ఈసారి రాజమండ్రిలో ఊపిరితిత్తుల డాక్టరుగారికి చూపించాం. గొట్టంలోకి బలంగా ఊదే పీఎఫ్‌టీ పరీక్ష చేయించారు. సీటీ తీయించారు. కాగితాలన్నీ చూసి చెప్పారు.

“దీన్ని ర్యాడ్స్ అంటాం. ఆస్తమా లాంటిదే, కానీ మీది పుట్టుకతో వచ్చింది కాదు, గ్యాస్ పీల్చడం వల్ల వచ్చింది. శ్వాసనాళాలు ఒకసారి కాలాయి కదా, ఇప్పుడు చిన్న ఘాటుకే ఉలిక్కిపడుతున్నాయి.”

“తగ్గుతుందాండి?”

“కొందరికి పూర్తిగా తగ్గుతుంది, కొందరికి కొంత ఉండిపోతుంది. ఇప్పుడే చెప్పలేనమ్మా. ఇన్‌హేలర్ మాత్రం బాగుంది కదాని మానేయకండి. ఆ ఫ్యాక్టరీ పని మాత్రం వద్దు.”

ఇన్‌హేలర్ వాడటమంటే అలవాటైపోతుందని మా వీధిలో అందరూ భయపెట్టారు. ఒకామె ఆకు పసరు మందు తెచ్చిచ్చింది. మా అత్తగారు ఆమెకు దణ్ణం పెట్టి పసరు పెరట్లో పారబోసింది. “ఆటోలో దీని చెయ్యి పట్టుకుని వచ్చింది నేను. నువ్వు కాదు,” అంది. ఆవిడ మాటలు అలాగే ఉంటాయి.

ఇప్పుడు నేను బజారులో మా అత్తగారి పక్కన చేపలమ్ముతున్నాను. ఏటిగట్టు ఒక్క ఊపులో ఎక్కలేను, మధ్యలో ఆగుతాను. గొంతు పూర్తిగా తిరిగి రాలేదు, గట్టిగా కేకలేయలేను కాబట్టి బేరాలు ఆవిడ ఆడుతుంది, కోసివ్వడం నాది. తాలింపు మా ఆయన వేస్తాడు, నేను అప్పుడు వీధిలో కూర్చుంటాను. పొద్దునా సాయంత్రం ఇన్‌హేలర్, స్పేసర్ అనే గొట్టం తగిలించి. తరువాత నోరు పుక్కిలించడం. చలికాలం మంచు పడితే కష్టం. మిగతా రోజులు బాగానే ఉన్నాను.

ఫ్యాక్టరీలో యాసిడ్‌ను వేరే గదిలోకి మార్చారని, ఎర్ర క్యాన్లలో తప్ప తీసుకోవట్లేదని, యాసిడ్ పైపు మూతి హైపో ట్యాంకుకి పట్టకుండా వేరే కొలతలో పెట్టారని, ట్యాంకులకు తాళాలు వేశారని మంగ చెప్పింది. కొత్తవాళ్ళను ఒంటరిగా పోయనివ్వట్లేదట. విన్నప్పుడు సంతోషం కలగలేదు. ఇంత చిన్న పనులా, ఇవి ముందే చేసి ఉంటే సరిపోయేదా అని ఒళ్ళు జల్లుమంది. ఇప్పటికీ తలుచుకుంటే అదే.

ఇది చదివేవాళ్ళు ఫ్యాక్టరీలో, ఐసు మిల్లులో, నీళ్ళ ట్యాంకు దగ్గర, ఎక్కడ పనిచేసినా, ఆఖరికి ఇంట్లో బాత్‌రూమ్ కడిగేటప్పుడైనా సరే, నేను చెప్పేది ఒక్కటే. బ్లీచింగ్ చల్లినచోట యాసిడ్ పోయకండి. ఏ మందునైనా దేంట్లోనైనా పోసేముందు, ఇది ఏంటి, అందులో ఇప్పటికే ఏముంది అని తెలిసినవాళ్ళను అడగండి. తెలియకపోతే పోయకుండా ఆగండి. పని ఆలస్యమైందని ఎవరైనా తిడితే తిట్టించుకోండి. అడగడానికి అరనిమిషం చాలు. ఆ రోజు ఆ ట్యాంకుల దగ్గర ప్రసాదుకి అడగడానికి ఎవరూ లేరు.